గోడకెక్కని రైఫిలు

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో, రిక్కార్టన్ పేట చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల పిల్లలు ఆశాజ్యోతిని ‘గన్ ఆంటీ’ అంటారు. పెద్దవాళ్లు ఆమె ఎదుట అనరు గాని, చాటున వాళ్లూ అదే మాట అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. “గన్ అన్నందుకు బాధ లేదు, ఆంటీ అన్నందుకే” అని ఒకసారి నాతో అంది. మాది వాళ్ల వెనకిల్లు. మధ్యలో చెక్క కంచె, ఆ కంచెకు మా ఇద్దరిళ్లకీ పనికొచ్చేలా ఒక చిన్న గేటు. కాబట్టి ఇందులో సగం నేను కళ్లారా చూసింది, మిగతా సగం ఆమె నోటి వెంట విన్నది.

ఆమెది ప్రొద్దుటూరు. డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో చేరింది. కడప దగ్గర క్యాంపులో మొదటిసారి రైఫిలు పట్టుకుంది. నేల మీద బోర్లా పడుకుని, పాతకాలపు చిన్న రైఫిలుతో కాల్చాలి. ఆమె కాల్చిన గుళ్లన్నీ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. నేర్పించే హవల్దారు కాగితం తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, రాష్ట్ర స్థాయి క్యాంపుకు ఆమె పేరు పంపాడు. వాళ్ల నాన్న వద్దన్నాడు. ఆడపిల్ల తుపాకి పట్టుకుని ఊళ్లు తిరిగితే సంబంధాలు రావన్నాడు. ఏడ్చింది, అన్నం మానేసింది, అయినా ఆయన మెత్తబడలేదు. తర్వాత ఎంసీఏ, నంద్యాల గౌతమ్‌తో పెళ్లి, కొన్నాళ్లు బెంగుళూరు, ఆపైన న్యూజిలాండ్. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. కూతురు అమూల్య ఇక్కడే పుట్టింది. గౌతమ్ తండ్రి పోయాక తల్లి వేదవతమ్మ కూడా వచ్చి వీళ్లతోనే ఉండిపోయింది.

రెండు వేల తొమ్మిదిలో ఒక సాయంత్రం ఆఫీసు వాళ్లందరూ సరదాగా ఒక రైఫిల్ క్లబ్బుకు వెళ్లారు. పొడుగాటి హాలు, చివర్లో కాగితపు గురి, నేల మీద పరుపులు. మిగతావాళ్లు నవ్వుకుంటూ కాలుస్తున్నారు. ఆశాజ్యోతి పడుకుని, బుగ్గ రైఫిలు చెక్కకు ఆనించి, ఊపిరి సగం వదిలి ఆపింది. ఇన్నేళ్లయినా ఒళ్లు మరిచిపోలేదు. పక్కన నిలబడి చూస్తున్న తెల్లజుట్టు ముసలావిడ వంగి అడిగింది.

“ఊపిరి ఆపడం ఎవరు నేర్పారు?”

“కడపలో నేర్చుకున్నాను.”

“అదెక్కడుంది?”

“మీకు చాలా దూరం.”

“దూరమైతేనేం, బాగా నేర్పారు. వచ్చే గురువారం రా” అంది ముసలావిడ.

ఆమె పేరు డోరీన్. ఉద్యోగమంతా బడిపిల్లల పళ్లు బాగుచేసే నర్సుగా చేసింది. ఆమె మాట ఎదుటివాడు నోరు తెరిచేలా ఉంటుందని క్లబ్బులో హాస్యమాడేవారు. వయసులో ఉన్నప్పుడు ఆమె క్లబ్బులో చేరతానంటే, ఆడవాళ్లు టీ కాచి టీతో తినే స్కోన్ రొట్టెలకు వెన్న రాస్తే చాలన్నారట. ఆమె ఒక ఏడాది పాటు టీ కాచి, ఆ ఏడాది చివర సొంత రైఫిలు కొనుక్కొచ్చి పరుపు మీద పడుకుందట. ఎవరూ లేపలేకపోయారు. ఆ రైఫిలుతోనే ఆమె ఆశాజ్యోతికి మెళకువలన్నీ నేర్పింది. ఒక్కో గుండు ఒక్కోసారి పెట్టి కాల్చే పాత గురిరైఫిలు అది. బరువైన బ్యారెల్, మీద నీలం కలిసిన నలుపు.

మరుసటి ఏడాది ఆశాజ్యోతి తుపాకి లైసెన్సు తీసుకుంది. పోలీసుల తరఫున ఒకాయన ఇంటికొచ్చి ఆమెనీ, గౌతమ్‌నీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగి వెళ్లాడు. గ్యారేజీలో ఇనప బీరువా గోడకు బిగించారు. గౌతమ్ ఇవన్నీ ఒప్పుకున్నాడు గాని, ఊళ్లో మనవాళ్లకు చెప్పొద్దన్నాడు. “నేను చెప్పను. అడిగితే మాత్రం అబద్ధం ఆడను” అంది ఆమె.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో భూకంపం వచ్చింది. క్లబ్బు హాలు గోడ ఒకటి ఒరిగింది. ఎవరూ లోపలికి వెళ్లకూడదని ఎర్రకాగితం అంటించారు. రైఫిళ్లు లోపలి గదిలో ఇనప బీరువాలో ఉండిపోయాయి. అవి క్షేమంగా ఉన్నాయనే అందరూ అనుకున్నారు. కాని నేలలోంచి బూడిదరంగు బురద ఉబికి గదిలోకి వచ్చింది, పైన పగిలిన గొట్టం నీళ్లు కార్చింది. చలికాలమంతా అవి ఆ తేమలోనే ఉన్నాయి. తూర్పు వైపున్న డోరీన్ ఇల్లు కూడా పనికిరాదని తేల్చేశారు. తుంటి ఎముక విరిగిన ఆమెను కొడుకు నీల్ రంగియోరా ఊళ్లో వృద్ధుల ఆశ్రమంలో చేర్చాడు.

సెప్టెంబరులో వసంతం వచ్చాక తలకు గట్టి రక్షణ టోపీలు పెట్టించి కొందరిని లోపలికి పంపారు. బీరువా తెరిచి రైఫిళ్లు బయటకు తెచ్చినప్పుడు డోరీన్ చక్రాల కుర్చీలో రోడ్డవతలే ఉంది. పక్కన నీల్, ఆశాజ్యోతి ఉన్నారు. క్లబ్బులో ఆయుధాల బాగోగులు చూసే బ్రూస్ డోరీన్ రైఫిలును గుడ్డలో పట్టుకుని తెచ్చాడు. నలుపు ఎక్కడా లేదు. బ్యారెల్ పొడుగునా ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది.

బ్రూస్ బ్యారెల్ లోపలికి చిన్న లైటు వేసి చూశాడు. “లోపల బాగానే ఉంది డోరీన్. నువ్వు నూనె పూసి రెండు వైపులా మూసిపెట్టావు కాబట్టి బతికింది. పైన మాత్రం పని అయిపోయింది. దీన్ని మళ్లీ నల్లగా చేయడానికి పట్టే శ్రమకు కొత్తదే వస్తుంది. ఏ పనివాడూ ముట్టుకోడు.”

“పోలీసులకిచ్చేస్తే ముక్కలు చేస్తారు కదా, అదే మంచిది. ఇంకెవరు కాలుస్తారు దీంతో?” అన్నాడు నీల్.

“లేదంటే కాల్చడానికి వీల్లేకుండా లోపలి బోల్టు తీసేసి క్లబ్బు గోడకు వేలాడదీద్దాం, గుర్తుగా” అన్నాడు బ్రూస్.

డోరీన్ ఇద్దరి వైపూ చూడలేదు. “ఆశా, ఇది నీకు కావాలా?” అంది.

“కావాలి.”

“కాలుస్తావా, గోడకు తగిలిస్తావా?”

“కాలుస్తాను.”

“అయితే తీసుకో. నీది.”

ఆశాజ్యోతి దాన్ని ఇంటికి తెచ్చుకుంది. గౌతమ్ గ్యారేజీలో దాన్ని చూశాడు. “ఎందుకొచ్చిన తంటా ఆశా? చెడిపోయిందని వాళ్లే చెప్తాండారు కదా. ఇచ్చేద్దాం.”

“చెడిపోలేదు. తుప్పు పట్టింది. రెండూ ఒకటి కాదు.”

“నీకు చేతనవుతాదా?”

“తెలీదు. చేస్తా.”

మొదటి ప్రయత్నం తేలిక దారిలో చేసింది. తుప్పు గీకి, పూయగానే నల్లబడే మందు ఒకటి తెచ్చి పూసింది. బ్యారెల్ మీద అక్కడక్కడా గోధుమరంగు, అక్కడక్కడా బూడిదరంగు, పిల్లి కడుపు మాదిరి మచ్చలు తేలాయి. నూనెగుడ్డతో తుడిస్తే ఆ మాత్రం నలుపు కూడా గుడ్డకు వచ్చేసింది. బ్రూస్‌కు చూపిస్తే, “నేను ముందే చెప్పాను, గోడకైతే ఇది చాలు” అన్నాడు. ఆమె ఇంటికొచ్చి అదంతా మళ్లీ రుద్ది తీసేసింది.

రంగియోరా వెళ్లి డోరీన్‌ను అడిగితే పాతకాలపు పద్ధతి చెప్పింది. తుప్పుతోనే నలుపు తేవాలి. శుభ్రం చేసిన ఉక్కుకు ఒక ద్రావకం పలచగా పూసి, తేమలో ఉంచితే సన్నటి, సమమైన తుప్పు లేస్తుంది. దాన్ని శుభ్రమైన నీళ్లలో ఉడకబెడితే ఆ ఎరుపు నలుపవుతుంది. పైన వదులుగా ఉన్న మసిని సన్నటి ఉక్కుపీచుతో రుద్దితే కింద నలుపు నిలుస్తుంది. మళ్లీ పూయాలి, మళ్లీ తుప్పు పట్టించాలి, మళ్లీ ఉడకబెట్టాలి. ఒక్కోసారికి ఒక్కో పొర ముదురుతుంది. “రుద్దేటప్పుడు పొడుగునా రుద్దు, అడ్డంగా కాదు. వేలు తగిలించకు. ఒంటి జిడ్డు చాలు పాడుచేయడానికి” అంది డోరీన్.

రెండు వేల పన్నెండు చలికాలమంతా ఆమె ఆ పని మీదే ఉంది. చెక్క విప్పింది. బోల్టు, ట్రిగ్గరు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. మొదట తుప్పంతా వదిలించాలి. శని, ఆదివారాలు గ్యారేజీ తలుపు సగం ఎత్తి, చిన్న స్టూలు మీద కూర్చుని ఎమిరీ కాగితంతో రుద్దేది. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. నేను కంచె గేటు తీసుకుని టీ పట్టుకెళ్తే తలెత్తకుండానే తాగేది. బ్యారెల్ మధ్యలో తుప్పు లోతుగా తిన్న చోట చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అవి పోవాలంటే ఇంకా అరగదీయాలి. అలా చేస్తే పక్కనే ఉన్న అక్షరాలు పోతాయి. ఎప్పుడో ఎవరో ఒక పనివాడు అచ్చు కొట్టిన అక్షరాలవి. చాలాసేపు వేలితో తడిమి చూసి, గుంటలను అలాగే వదిలేసింది.

చిన్న మరలకు పట్టిన తుప్పు వదలకపోతే, చింతపండు నానబెట్టి అందులో వేసింది. వేదవతమ్మ వంటింట్లో గిన్నె మూత తీసి చూసి గ్యారేజీలోకి వచ్చింది.

“ఏంది పాపా ఇది? పులుసుకని తీస్తే ఇనప ముక్కలు వచ్చె.”

“తుప్పు వదలడానికి వేసినా అత్తా. వేరే గిన్నెలో కదా పెట్టినా.”

“గిన్నె వేరేది సరే, చింతపండు నాది కదా. ఈ దేశంలో కొత్త చింతపండు యాడ దొరుకుతాది?”

కాని అసలు యుద్ధం ఇంకా ముందుంది. క్రైస్ట్‌చర్చ్ చలి పొడి చలి. గ్యారేజీలో తుప్పు సరిగ్గా లేవలేదు. అందుకని బట్టలు ఉతుక్కునే చిన్న గదిలో వేడినీళ్ల బకెట్లు పెట్టి, తలుపు మూసి, బ్యారెల్‌ను అక్కడ వేలాడదీసింది. మొదటి రెండు పొరలు బాగానే వచ్చాయి. మూడోసారికి బ్యారెల్ నిండా కందిపప్పంత తెల్లమచ్చలు. అక్కడ తుప్పు అసలు పట్టలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక ఆమె తల పట్టుకుంది. తర్వాత గోడకు చెయ్యి రాసి చూసుకుంటే వేళ్లకు జిడ్డు అంటింది. ఆ గది వంటింటి పక్కనే. రోజూ వేసే తిరగవాత పొగ నూనెతో సహా తలుపు సందుల్లోంచి అక్కడికి చేరుతోంది.

“అత్తా, నేను పూత పూసిన రోజు తిరగవాత వద్దు.”

వేదవతమ్మ గరిటె దించింది. “తుపాకి కోసరం నేను తిరగవాత మానుకోవాల్నా?”

“పూసిన రోజే. ఆ పొద్దు నేనే వండుతా.”

“ఏం వండుతావు? ఆ పాస్తానే కదా. నేను తినను.”

ఆ మాట మీద ఆమె ఇల్లంతా వినిపించేలా గిన్నెలు సర్దింది.  తర్వాతి శనివారం బ్యారెల్ ఉడకబెట్టే సమయానికి గౌతమే బార్బెక్యూను గ్యారేజీలోంచి పెరట్లోకి లాగి, వంటా, బ్యారెల్ ఉడకబెట్టడమూ ఆరోజు బయటే అన్నాడు. ఉడకబెట్టడానికి పొడుగాటి తొట్టి కావాలి. ఆశాజ్యోతి మొదట్లోనే ఉక్కురేకు తొట్టి ఒకటి చేయించుకొచ్చి, అప్పటిదాకా వంటింటి పొయ్యి మీద ఒక్కతే తంటాలు పడింది. ఈసారి దాన్ని బార్బెక్యూ పొయ్యిల మీద పెట్టి, డబ్బాల్లో కొన్న శుద్ధమైన నీళ్లు పోసి, బ్యారెల్ రెండు చివర్లా కట్టెబిరడాలు దిగ్గొట్టి, ఆ కట్టెలే పిడులుగా ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నీళ్లలోకి దించారు. మరిగే నీళ్లలో ఎరుపు మెల్లగా ముదిరి, కాసేపటికి మొత్తం నల్లబడింది. గౌతమ్ వంగి చూస్తూ, “అబ్బ” అన్నాడు.  ఆ రోజు నుంచీ రెండో చివర పట్టుకోవడం అతని పనైపోయింది.

ఆ మధ్యలోనే ఒక తెలుగు కుటుంబం ఇంట్లో అందరం భోజనాలకు చేరాం. అమూల్య తన స్నేహితురాలితో, “మా అమ్మ తన రైఫిల్‌ని బార్బెక్యూ మీద బాయిల్ చేస్తుంది” అని గొప్పగా చెప్పింది. పెద్దవాళ్లంతా తలలు తిప్పి చూశారు. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు జనార్ధనరావు. కోస్తా వైపు మనిషి, ఇక్కడ పాతికేళ్లుగా ఉన్నవాడు, ఎవరికి కష్టమొచ్చినా ముందుండేవాడు. ఆ మాట తేలిక చేయాలనుకున్నాడో ఏమో, నవ్వుతూ అన్నాడు.

“సీమవాళ్లు కదండీ. బాంబులు, తుపాకులు వాళ్లకి కొత్తేముంది.”

కొందరు నవ్వారు. ఆశాజ్యోతి ప్లేటు కింద పెట్టింది.

“మా ఊర్లో నేను చూసిన బాంబులు దీపావళివే జనార్ధనరావు గారూ. మీ ఊర్లో చూసినవి ఏవో చెప్పండి, విందాం.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఒకరిద్దరు తల్లులు అమూల్యతో ఆడుకోవడానికి పిల్లల్ని పంపడం మానేశారు. అమూల్య పుట్టినరోజుకు కూడా కొందరు రాలేదు. ఆ రాత్రి గౌతమ్ మళ్లీ అడిగాడట, పిల్ల కోసమైనా ఆలోచించమని. “పిల్ల కోసమే ఆలోచిస్తాండా. తప్పు చేయకుండా తలొంచుకునేది దానికి నేను నేర్పించను” అందట ఆమె.

ఒక శనివారం పొద్దున తొట్టిలో నీళ్లు మరుగుతుండగా ఇంటి ముందు కారు ఆగింది. పోలీసుల తరఫున తుపాకి లైసెన్సులు చూసే అధికారి. పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. ఎవరో ఫోన్ చేసి ఆందోళన పడ్డారని, చూసి వెళ్తానని చెప్పాడు. పేరు చెప్పలేదు. ఆశాజ్యోతి చేతి తొడుగులు తీసి పెరట్లోకి తీసుకెళ్లింది.

“ఏం వండుతున్నారు?” అన్నాడు తొట్టి వైపు చూసి.

“బ్యారెల్.”

ఆయన వంగి చూశాడు. తర్వాత బీరువా చూశాడు, గోడకు బిగించిన బోల్టులు ఊపి చూశాడు. రైఫిలు బోల్టు, గుళ్లు వేరే తాళంలో ఉన్నాయో లేదో చూశాడు. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. చివరికి ఇంట్లో పెద్దావిడతో మాట్లాడాలన్నాడు.

“మా అత్తకు ఇంగ్లీషు రాదు. నేను తర్జుమా చేస్తే మీకు అనుమానం. వెనకింటి రమామణిని పిలుస్తా” అంది ఆశాజ్యోతి. అలా నేను వెళ్లాల్సి వచ్చింది.

ఇంట్లో తుపాకి ఉన్నందుకు భయంగా ఉందా అని ఆయన అడిగాడు. నేను తెలుగులో అడిగాను. వేదవతమ్మ కొంగు సర్దుకుని చెప్పింది.

“ఈ పాప ఆ తాళంచెవి నాకు గూడా ఇయ్యదు, మొగునికి గూడా ఇయ్యదు. యాడ పెడతాదో దేవునికే తెలుసు. నాకు భయమేం లేదని చెప్పు. నాకుండే బాధంతా తిరగవాతదే.”

ఉన్నదున్నట్టు చెప్పాను. తిరగవాత అంటే ఏమిటని ఆయన అడిగాడు. అదీ చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. “ఆ విషయంలో చట్టం ఏమీ చేయలేదని ఆవిడకు చెప్పండి” అని వెళ్లిపోయాడు.

కారు మలుపు తిరిగే దాకా ఆశాజ్యోతి గుమ్మంలో నిలబడే ఉంది.   “మనోళ్లే చేసినారు రమామణి. మొహం మీద అడగలేక” అంది. తర్వాత తొడుగులు వేసుకుని, గౌతమ్‌ను పిలిచి, బ్యారెల్ బయటికి తీసింది. మాటల సందడిలో అది ఎక్కువసేపు ఉడికింది. అయినా చెడలేదు.

దసరాకు వారం ముందు పని పూర్తయింది. చివరి పొర రుద్ది, నూనె పూసి, ఎండలో పట్టుకుని చూపించింది. దుకాణంలో కొత్తదానికుండే మెరుపు కాదది. రేగడి మట్టిలాంటి నిండు నలుపు, పక్కకు తిప్పితే అడుగున నీలం. గుంటలున్న చోట చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉన్నాయి. దసరా పొద్దున వేదవతమ్మ కుంకుమ భరిణ పట్టుకుని వచ్చింది.

“అత్తా, దాని మీద పెట్టొద్దు. కుంకం తేమకు మళ్లీ తుప్పు పడతాది.”

“పండగ పూట ఆయుధానికి బొట్టు పెట్టకుంటే ఎట్ల?”

“బీరువాకు పెట్టు.”

ఆమె బీరువా తలుపుకు మూడు బొట్లు పెట్టి, ఒక అరటిపండు ముందుంచి వెళ్లింది.

ఆ సాయంత్రమే సంఘం వాళ్ల దసరా కార్యక్రమం. పిల్లల నాటికలు, పద్యాలు ఏటా ఆశాజ్యోతే చూసుకునేది. హాలు వంటగదిలో జనార్ధనరావు ఆమెను పక్కకు పిలిచాడు. నేను అక్కడే పులిహోర కలుపుతున్నాను.

“ఏమ్మా, ఈసారి పిల్లల ప్రోగ్రామ్ వేరేవాళ్లు చూసుకుంటారు. తల్లిదండ్రులు కొంచెం ఇబ్బంది పడుతున్నారు. నువ్వు ఏమీ అనుకోకు.”

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. “పోలీసులకు ఫోన్ చేసింది మీరేనా?”

ఆయన తడబడలేదు. “నేనే చేశాను. మీ మంచికే. మనం ఇక్కడ సెటిల్ అవ్వడానికి వచ్చినవాళ్లం. రేపేదైనా జరిగితే అందరికీ చెడ్డపేరు.”

“మంచికి చేసేవాళ్లు ముందు ఇంటికొచ్చి అడుగుతారు. మీరు అడిగింటే బీరువా తీసి చూపించేదాన్ని, కాఫీ గూడా ఇచ్చేదాన్ని. నేను దొంగతనంగా తెచ్చుకున్న వస్తువు కాదది. ప్రోగ్రామ్ నేనే చేస్తా. వద్దనుకుంటే మీరు స్టేజీ ఎక్కి, ఎందుకు వద్దో అందరి ముందరా చెప్పండి. నేను పక్కనే నిలబడతా.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని హాల్లోకి వెళ్లిపోయాడు. స్టేజీ ఎక్కలేదు. పిల్లల్లో నలుగురిని తల్లిదండ్రులు ఆ రోజు నాటికలోంచి మాన్పించారు. ఆశాజ్యోతి వాళ్ల మాటలను మిగతా పిల్లలకు పంచి, రాక్షసుడి వేషం తానే వేసుకుని నాటిక ముగించింది. చప్పట్లు పెద్దగా కొట్టినవాళ్లూ ఉన్నారు, కొట్టనివాళ్లూ ఉన్నారు. జనార్ధనరావుకూ ఆమెకూ ఈనాటికీ పలకరింపుల వరకే. సంఘం మాత్రం ఆమె మానలేదు. ఏటా చందా కడుతుంది, ముందు వరసలో కూర్చుంటుంది.

తర్వాతి ఏడాది క్లబ్బు ఒక అద్దె హాల్లో మళ్లీ మొదలైంది. మొదటి గురువారం ఆమె రంగియోరా వెళ్లి డోరీన్‌ను కారులో తీసుకొచ్చింది. బ్రూస్ రైఫిలు అందుకుని దీపం కిందకి తీసుకెళ్లాడు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

“గుంటలు మిగిలిపోయాయి” అన్నాడు.

“నీళ్లలో పడి ఉన్న మాట నిజమే కదా. ఉండనీ” అంది ఆశాజ్యోతి.

డోరీన్ చేతులు చాచింది. వేళ్లు వంకరపోయాయి, బరువు ఆగలేదు. ఆశాజ్యోతి కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ముసలావిడ బ్యారెల్ పొడుగునా బొటనవేలు జరిపింది. “పొడుగునానే రుద్దావు. మంచిది. ఇక కాల్చు, టీ చల్లారుతోంది.”

ఆశాజ్యోతి కాల్చింది. మొదటి గుండు గురికి కొంచెం కిందకి పోయింది. సరిచేసుకున్నాక మిగతావి మధ్యలోకి చేరాయి. ఆ సీజన్ పోటీల్లో ఆమె మూడో స్థానంలో వచ్చింది. బ్రూస్ అయిదో స్థానం.

రెండు వేల పద్నాలుగు చలికాలంలో డోరీన్ నిద్రలోనే పోయింది. అంత్యక్రియలైన కొన్నాళ్లకు ఒక గురువారం నీల్ క్లబ్బుకు వచ్చాడు. అమ్మ ఫోటోల్లో ఆ రైఫిలు చూశాడట. సముద్రం ఒడ్డున ఉన్న తన సెలవుల ఇంట్లో పొయ్యిగూటి పైన పెట్టుకోవాలని ఉందన్నాడు. మర్యాదగానే అడిగాడు.

“ఆ రోజు పరిస్థితి వేరు. పనికిరాదనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఎంత బాగుందో. అది మా కుటుంబానికి చెందాల్సింది కదా.”

“పనికిరాదనుకుంది మీరు. మీ అమ్మ అనుకోలేదు, నేనూ అనుకోలేదు” అంది ఆశాజ్యోతి.

“అమ్మకు అప్పుడు ఒంట్లో బాగాలేదు. ఏం మాట్లాడుతోందో...”

“ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగింది, కాలుస్తావా, గోడకు తగిలిస్తావా అని. నా జవాబు విన్నాకే ఇచ్చింది. మీకు కావాలంటే లైసెన్సు తెచ్చుకోండి, ఇక్కడ చేరండి. ఇదే రైఫిలు ఇస్తాను, ఎన్ని గురువారాలైనా కాల్చండి. నేనే నేర్పిస్తా. గోడకు మాత్రం ఇవ్వను.”

నీల్ సాయం కోసం బ్రూస్ వైపు చూశాడు. బ్రూస్ గుళ్ల డబ్బాలు సర్దుతున్నాడు. తల తిప్పకుండానే అన్నాడు. “నేనక్కడే ఉన్నాను నీల్. ‘నీది’ అంది డోరీన్. ఆమె మతి ఎప్పుడూ నాకంటే బాగానే పనిచేసేది.”

 నీల్ ఆలోచిస్తానని చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజు ఆశాజ్యోతి స్కోరు బాగాలేదు. కోపం తగ్గకుండా పడుకుంది, ఊపిరి నిలవలేదు, గుళ్లు తలో మూలకూ పోయాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, నాకు కంచె మీదుగా సంగతంతా చెప్పింది. ఆ మాట ఇంకోలా, మెత్తగా చెప్పి ఉండాల్సిందా అని అడిగింది. లేదన్నాను. “నేనూ లేదనే అనుకుంటాండా” అంది. లోపల్నుంచి తిరగవాత ఘాటు వచ్చింది. వేదవతమ్మ భోజనానికి కేకేసింది. ఆశాజ్యోతి రైఫిలు తుడిచి బీరువాలో పెట్టి, తాళంచెవి ఎక్కడ దాచిందో దాచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.